డోర్కస్ సమాధి మీద పందిరి

చర్చి ఆఫీసు,
వెస్ట్ సెడ్జ్‌లీ, సోమర్సెట్,
ఏప్రిల్ నెల

గౌరవనీయులైన ఏబెల్ లాకియర్ గారికి,

మీ భార్య కీర్తిశేషులు డోర్కస్ గారి సమాధి మీద ఎవరో విల్లో చెట్టు చువ్వలతో అల్లిన ఒక బుట్ట బోర్లించి పోయినట్టు పాస్టరు గారు గమనించారు. దానికి అడుగు లేదు, పిడి లేదు, మనిషి దూరేంత పెద్దది. అల్లిక మీదేనని ఊరంతా గుర్తుపట్టింది. మట్టి కుదురుకునే దాకా సమాధి మీద పేరు రాసిన కొయ్య తప్ప మరేదీ ఉండరాదని మన నియమం. దయచేసి తీసివేయగలరు.

ఇట్లు,
మ్యూరియల్ పిట్‌మన్,
చర్చి గుమస్తా

తా.క.: తాతా, ఇది ఆఫీసు సంగతి కాదు. మీరిచ్చిన విల్లో చువ్వల్ని మా పెరట్లో బఠాణీ పాదులకి ఊతంగా పాతాను. బఠాణీలు ఇంకా మొలవలేదు. ఊతం మొలిచింది.

*

మ్యూరియలమ్మకు ఏబెల్ తాత దీవెనలు.

బుట్ట కాదే తల్లీ, పందిరి. చువ్వలు గుచ్చి, పైన వంచి అల్లాను. పేరు రాసిన కొయ్య అంటున్నావు, అదెక్కడుందో నువ్వే వెతికిపెట్టు. డోర్కస్‌ని మట్టిలో పెట్టిననాడు మనందరం మోకాలి లోతు వరదలో నిలబడలేదూ? నీళ్ళు తీసేసరికి కొత్త సమాధుల కొయ్యలన్నీ కొట్టుకుపోయాయి. గుంత తవ్విన జెమ్‌ని అడుగుదామంటే నడుం పట్టి మంచాన పడ్డాడు. గుర్తున్న చోట నేనే పందిరేశాను. ఆదివారం సాయంత్రం అందులో కూర్చుని డోర్కస్‌తో నాలుగు మాటలు చెప్పుకుంటాను. ఇంట్లో కుర్చీలతో ఎంతసేపని మాట్లాడను?

నా ఏడుపు ఇంకోటుంది. పక్క గుంతలో ఎవడనుకున్నావు? హ్యూబర్ట్ స్టకీ! కాలవ గట్టు తెగ్గొట్టి, బుట్టల కోసం నేను పెంచుకున్న విల్లో మడి ముంచినవాడు. అప్పట్నుంచీ వాడితో మాట్లాడితే ఒట్టు. వాడూ అదే వారం పోవాలా?

ఇట్లు నీ మేలు కోరే
ఏబెల్

తా.క.: ఎండిన కట్ట తీసుకెళ్ళమంటే పచ్చి కట్ట పట్టుకుపోయావు. మొలవక ఏం చేస్తుంది? తలకిందులుగా పాతినా మొలుస్తుంది, సిగ్గులేని చెట్టు.

*

చర్చి ఆఫీసు,
జూన్ నెల

లాకియర్ గారికి,

మీ పందిరి చిగిర్చింది. చిగిర్చినదాన్ని చెట్టంటారు, చెట్లు నాటడం నిషేధం. మీరు దేవుడి స్థలంలో విల్లో పంట వేశారని ఊళ్ళో గుసగుసలు. సమాధి మీద పెరిగిన చువ్వల బుట్టలో రొట్టె పెట్టుకుని ఎవరు తింటారని ఆడవాళ్ళు అడుగుతున్నారు. పైగా మొన్న ఆదివారం ఆ ఆకుల్లోంచి ఒక గొంతు బండబూతులు తిడుతుంటే, పూలు పెట్టడానికొచ్చిన ఒకావిడ పూలు పారేసి పరిగెత్తింది. వెంటనే తొలగించగలరు.

ఇట్లు,
మ్యూరియల్ పిట్‌మన్

తా.క.: తాతా, ఆ ఊతాల్ని మొదలంటా నరికేశాను. ఒక్కోదానికి నాలుగేసి వచ్చాయి. వేళ్ళు మరుగుదొడ్డి గొట్టంలోకి దిగి అది పూడిపోయింది. పొద్దున్నే గొడుగేసుకుని పక్కింటికి వెళుతున్నాను. వాళ్ళు గుడ్ మార్నింగ్ చెప్పడం మానేశారు.

*

మ్యూరియలమ్మా,

పంటా? ఆ మాటన్న నోటికి పుండు పుట్టా! తిట్టింది నేనే. పక్కకి తిరిగి హ్యూబర్ట్‌ని నాలుగు తిట్టి, ఇటు తిరిగి డోర్కస్‌తో మాట్లాడతాను.

పచ్చివని తెలిసే గుచ్చాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ అది చన్నీళ్ళలో చేతులు పెట్టి చువ్వల తోలు వలిచింది. దాని మీద చల్లటి రాయి పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఆకు కదిలితే ఊఁ కొట్టినట్టుంటుంది. అది పీకేస్తే నేనెవరితో మాట్లాడాలే? పీకేవాణ్ణి రమ్మను. నేను లోపలే కూర్చునుంటాను.

ఏబెల్

తా.క.: విల్లోని కొళాయికీ దొడ్డికీ దూరంగా పాతాలని పసిపిల్లలకి కూడా తెలుసు. పక్కింటివాళ్ళకి నా తరఫున ఒక బుట్ట ఇవ్వు. ఎండినదే.

*

చర్చి ఆఫీసు,
జులై నెల

లాకియర్ గారికి,

జెమ్ గారి నడుం బాగయింది. గురువారం గడ్డపారతో వచ్చి పందిరిని వేళ్ళతో సహా పెకలిస్తారు. సహకరించగలరు.

ఇట్లు,
మ్యూరియల్ పిట్‌మన్

తా.క.: నేను రాయనన్నాను తాతా. పాస్టరు గారు పక్కన నిలబడి రాయించారు. నేను గురువారం ఆ ఛాయలకి కూడా రాను. నా వల్ల కాదు.

*

మ్యూరియలమ్మకు,

రానన్నావు, రాలేదు. మంచి పని చేశావు. జరిగింది నేనే చెబుతాను.

జెమ్ వచ్చాడు. నేను పందిట్లో కూర్చుని లేవనన్నాను. వాడు గడ్డపార కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసి, "ఏబెలన్నా, హ్యూబర్ట్ మీద నీకింత ప్రేమ ఎప్పుడు పుట్టింది?" అన్నాడు.

రెండు గుంతలూ తవ్వింది వాడే కదా. డోర్కస్‌ది గోడ వైపు గుంతట. నేను పందిరేసింది హ్యూబర్ట్ మీద.

పెళ్ళినాటి ముచ్చట్లు, అది పోయాక అన్నం సయించని సంగతి, దాని దుప్పటి ముఖాన కప్పుకుని ఏడ్చిన సంగతి, అన్నీ ఇన్నాళ్ళూ హ్యూబర్ట్‌కి చెప్పుకున్నాను. పక్కకి తిరిగి తిట్టిన తిట్లన్నీ నా పెళ్ళాం విన్నది.

జెమ్ పీకబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. హ్యూబర్ట్‌కి పెళ్ళామా, పిల్లలా? వచ్చి పలకరించినవాణ్ణి నేనొక్కణ్ణే. ఉన్నట్టుండి పందిరి పీకేసి నేను రావడం మానేస్తే, పాత పగ గుర్తొచ్చిందనుకోడూ? ఆకు రాలేదాకా గడువిమ్మని పాస్టరు గారి కాళ్ళు పట్టుకుని అడుగు. ఈలోగా వాడికి నేనే నెమ్మదిగా చెప్పుకుంటాను.

ఏబెల్

తా.క.: నిన్న గోడ పక్కకి వెళ్ళి డోర్కస్ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఒక్క మాట పెగల్లేదు. చివరికి లేచి హ్యూబర్ట్ దగ్గరికెళ్ళి చెప్పుకున్నాను, డోర్కస్ నాతో మాట్లాడ్డం లేదురా అని.