పులుసులో దొరికిన రాళ్ళు

అక్కకి,

పద్మ నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ, పిల్లలూ, మీ అత్తగారి మోకాళ్ళూ అందరూ బాగున్నారనే అనుకుంటున్నాను. ఈ ఏడు చెరువుకి మంచి నీళ్ళు దొరికాయా? శీలావతి చేప ఎదుగుతోందా? బావగారిని మిట్టమధ్యాహ్నం గట్టు మీద నిలబడొద్దని నా మాటగా చెప్పు. వినరనుకో, అయినా చెప్పు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటే అంటావు. నువ్వు ఫోన్ స్పీకర్లో పెడతావు కదా మహాతల్లీ! నేనొకసారి దగ్గితే మీ అత్తగారు కషాయం చెబుతారు, పక్కింటి పిన్నిగారు పెళ్ళి సంబంధం చెబుతారు. ఈ సంగతి నీకొక్కదానికే చెప్పాలి. చదివాక బీరువాలో పెట్టుకో, టీవీ మీద పడెయ్యకు.

ఇక్కడ మార్చి వచ్చినా చలి వదల్లేదు. ఎడ్మంటన్ నుంచి ఉత్తరానికి నాలుగున్నర గంటలు డ్రైవ్ చేస్తే మా ఊరు. ఊరంటే ఒక పెట్రోలు బంకు, ఒక బడి, ఒక సరుకుల కొట్టు, గాలాలు అమ్మే షాపు, చుట్టూ అడవి, మధ్యలో చిన్న సరస్సు. ఆ సరస్సు ఇప్పుడు ఎంత గడ్డకట్టిందంటే దాని మీద లారీ నడుస్తోంది. ఒట్టు! మనం కొల్లేట్లో దోనె ఎక్కితేనే అమ్మ కేకలు పెట్టేది. గ్వెల్ఫ్‌లో చదివేటప్పుడు ఇంటి నిండా తెలుగమ్మాయిలే, బాత్రూమ్ కోసం కొట్టుకునేవాళ్ళం. ఇక్కడ తెలుగు మాట వినాలంటే నేనే మాట్లాడుకోవాలి. పొద్దున్నే ప్రెషర్ కుక్కర్‌తో మాట్లాడతాను, అది ఈల వేస్తుంది. అయినా బాగానే ఉన్నాను.

"చేపలు లెక్కపెట్టడానికి అంత దూరం వెళ్ళాలా" అని బావగారు నవ్వేవారు కదా, నా ఉద్యోగం అచ్చంగా అదే. ఎండాకాలమంతా పడవలు దిగే చోట కుర్చీ వేసుకుని కూర్చుంటాను. గాలం వేసి వచ్చినవాళ్ళని ఎన్ని పడ్డాయి, ఎంత పొడవున్నాయి అని అడిగి రాసుకుంటాను. చలి మొదలయ్యే ముందు మేమే వలలు వేసి, పడ్డవాటిని కొలిచి, వయసు లెక్కగడతాం. ఆ లెక్క చూసి, వచ్చే ఏడు ఒక్కొక్కరు ఎన్ని చేపలు ఇంటికి తీసుకెళ్ళవచ్చో పైవాళ్ళు నిర్ణయిస్తారు. చేప తగ్గిందని తేలితే ఒక్కటి కూడా తీసుకెళ్ళకూడదు, పట్టినదాన్ని మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలి. ఇక్కడ వాలై అనే చేప ఉంటుంది. గాజు కళ్ళు, బంగారు రంగు ఒళ్ళు, ముళ్ళు తక్కువ. రుచిలో మన కొరమేనుకి చెల్లెలనుకో.

పోయిన జూన్‌లో, నేను వచ్చిన రెండో వారం, నిక్ అని ఒక పెద్దాయన రెండు వాలైలు పట్టుకొచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, భార్య పోయి మూడేళ్ళయింది. బల్ల మీద పెట్టి పక్క కండ రెండు ముక్కలు కోసుకుని, తలా ముల్లూ బకెట్లో పడేశాడు. తల పారేస్తున్నాడక్కా! నా ప్రాణం ఉసూరుమంది. ఉండబట్టలేక అడిగేశాను, ఆ తలలు నాకిస్తారా అని.

"దేనికి, కుక్కకా?"

"కాదు, నాకే."

ఆయన నన్నొకసారి, తలల్నొకసారి చూసి, బకెట్ నా చేతికిచ్చాడు. అప్పటినుంచి చేప పడ్డ రోజున నా గుమ్మం ముందు నీలం బకెట్, అందులో తలలు. పెద్దాయన్ని ఉత్త పేరుతో పిలవడానికి నాకు నోరు రాక నిక్ గారూ అన్నాను. గారు అంటే ఏమిటని అడిగాడు. పెద్దవాళ్ళకి పెట్టే మర్యాద అని చెప్పాను. "నా డెబ్భై మూడేళ్ళలో నాకు మర్యాద పెట్టింది నువ్వే" అన్నాడు. ఆ మర్నాటినుంచి గాలాల షాపులో కూడా నిక్ గారు అని పిలవమని అందరి ప్రాణాలూ తీశాడట.

ఆదివారం మధ్యాహ్నం ఆయనకి తలకాయ పులుసు పెట్టేదాన్ని. నువ్వు నేర్పినట్టే, పులుసు తెర్లేదాకా గరిటె పెట్టకుండా, గిన్నె పట్టుకుని ఊపుతూ. కళ్ళలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు కారుతుంటే తుడుచుకుంటూ "ఇది శిక్ష. ఇంకాస్త వెయ్యి" అనేవాడు. ఆ ఒక్క పూటకోసం వారమంతా గడిపేదాన్ని. సోమవారం నుంచే ఉల్లిపాయలు ఉన్నాయో లేదో చూసుకునేదాన్ని.

చిన్నప్పుడు మనం గొరక చేప తలలో తెల్ల రాళ్ళు ఏరి దాచుకునేవాళ్ళం, గుర్తుందా? నువ్వు నావి దొంగిలించేదానివి. కాదనకు. వాలై తలలో కూడా అలాంటివి రెండుంటాయి, చిన్నవి, పలచవి. తింటూ పంటికింద తగిలితే తీసి, కడిగి, పాత అలవాటు కొద్దీ ఒక పచ్చడి సీసా మూతలో వేసేదాన్ని. ఎందుకంటే ఏం చెప్పను, చేతికి అలవాటు.

వలలు వేసే రోజుల్లో పెద్ద గాలి వచ్చింది. సగం వలలు చిరిగిపోయాయి. పడినవి గుప్పెడు. మా పై ఆఫీసరు షారన్ తల పట్టుకుని, "ఇంత తక్కువతో ఏమీ చెప్పలేం, ఇంకో ఏడాది పాత రూలే ఉండనిద్దాం" అంది. సరే అని ఇంటికొచ్చి టీ పెట్టుకుంటుంటే ఆ మూత కనబడింది. మా ఆఫీసులో చేప వయసు చెప్పేది సరిగ్గా ఆ రాళ్ళతోనే అక్కా! అడ్డంగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే ఏడాదికో గీత కనబడుతుంది. రోజూ ఆఫీసులో చేసే పనే, మరి ఇంట్లో పులుసులో వచ్చినవాటికి ఆ ఆలోచనే రాలేదు చూడు.

మర్నాడు తీసుకెళ్ళి ఒక్కొక్కటీ చూశాను. అన్నీ పదేళ్ళు దాటిన ముసలివే. గాలానికి పెద్దవి పడితేనే ఇంటికి తీసుకెళతారు, అది నిజమే. కానీ పెద్దవాటిలో కూడా ఆరేడేళ్ళది ఒక్కటన్నా ఉండాలి కదా? లేదు. వలలో మిగిలినవాటిలోనూ పిల్ల లేదు. ఊరంతా ముసలివాళ్ళే, ఉయ్యాల కట్టిన ఇల్లు ఒక్కటీ లేదు, అలా ఉంది. ఆ ముసలివి కూడా అయిపోతే ఇక ఆ సరస్సులో వాలై ఉండదు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే నిక్ గారి చేప పోతుంది, నా ఆదివారం పోతుంది. ఇదీ నా బాధ. నాలుగు రోజులు అన్నం సయించలేదు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. చేపపిల్లలు అమ్మేవాడు గిన్నెలో నీళ్ళెక్కువ, పిల్లలు తక్కువ పోసి లెక్క చెబితే, నువ్వు చీర కుచ్చిళ్ళు దోపుకుని గట్టు మీద చతికిలబడి, "ఏరా, నీళ్ళమ్ముతున్నావా, పిల్లల్నమ్ముతున్నావా? మళ్ళీ పొయ్యి" అనేదానివి. నీ చెల్లెల్ని అయ్యుండి తప్పుడు లెక్క ఎలా రాస్తాను? వెళ్ళి షారన్‌కి చెప్పాను. ఈ రాళ్ళు ఎక్కడివి అంది. కూరలోవి అన్నాను. ముందు పడి పడి నవ్వింది. గీతలు చూశాక నవ్వలేదు.

ఇంతవరకూ నా తప్పేం లేదు. తప్పు తర్వాత చేశాను. జనవరిలో ఊరివాళ్ళందరినీ హాల్లో కూర్చోబెట్టి విషయం చెప్పారు. ఈ వసంతం నుంచి వాలై ఇంటికి తీసుకెళ్ళకూడదు. నేను తెర మీద రాళ్ళ బొమ్మలు చూపించి, ఇవి ఊరివాళ్ళు ఇచ్చిన తలల్లోవి అన్నాను. గొప్పగా చెప్పాననుకున్నాను, మొద్దుమొహాన్ని. ఈ ఊళ్ళో నాకు తలలిచ్చేది ఒక్కరే కదా! హాలంతా వెనక్కి తిరిగి నిక్ గారిని చూసింది. ముందే ఆయన ఇంటికి వెళ్ళి ఒక మాట చెప్పాల్సింది, చెప్పలేదు. చెబితే ఆదివారం రావడం మానేస్తాడేమోనని వాయిదా వేస్తూ వచ్చాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "నేనవి తినమని ఇచ్చాను" అన్నాడు. అంతే, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు కొట్టులో ఎదురైతే "నిక్ గారూ" అని పిలిచాను. "నన్నలా పిలవకు" అన్నాడు. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

ఫిబ్రవరి అంతా బకెట్ లేదు, ఆదివారం లేదు. ఊళ్ళోవాళ్ళు కూడా నన్ను చూస్తే ముక్తసరిగా తలూపి తప్పుకున్నారు. మైనస్ ముప్పై చలి, కారుకి కూడా ఇంజను వెచ్చబడేలా కరెంటు తీగ తగిలిస్తే తప్ప కదలదు. మధ్యలో మూడు రోజులు జ్వరం వచ్చింది. మంచినీళ్ళిచ్చే మనిషి లేదు. రెండో రోజు నువ్వు ఫోన్ చేశావు, గొంతు బొంగురుగా ఉందేమే అన్నావు. ఫ్రెండ్స్‌తో పార్టీలో అరిచి అరిచి పోయిందక్కా, బాగానే ఉన్నాను అన్నాను. ఏ ఫ్రెండ్సూ లేరు. ఏ పార్టీ లేదు. పెట్టేశాక దుప్పట్లో మొహం పెట్టుకుని ఏడ్చాను.

పోయిన శనివారం పొద్దున్న ఎవరో తలుపు కొట్టారు. చూస్తే నిక్ గారు, చేతిలో అట్టపెట్టె. లోపలికి రాకుండానే, "నీ లెక్కలో ఇవి కూడా కలుపు" అన్నాడు. పెట్టె నిండా వంటింట్లో తగిలించుకునే గోడ క్యాలెండర్లు, పాతికేళ్ళవి. ఆయన భార్య హెలెన్, ఆయన తెచ్చిన ప్రతి చేపనీ కోసేముందు కొలిచి, ఆ రోజు గడిలో రాసేదట. పాత క్యాలెండర్లలో చిన్నవీ పెద్దవీ అన్ని కొలతలూ ఉన్నాయి. రానురాను చిన్నవి తగ్గిపోయి, చివరికి పెద్దవే మిగిలాయి. నా రాళ్ళు చెప్పిందే ఆవిడ చేతిరాత కూడా చెబుతోంది.

లోపలికొచ్చి కూర్చోమన్నాను. టీ ఇచ్చాను. సగం కప్పు తాగి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఎనిమిదేళ్ళ కిందటే చెప్పింది. నిక్, చిన్నవి రావడం లేదు, నువ్వు పట్టడం ఆపెయ్యి అంది. నీకేం తెలుసు, నీ పెనం సంగతి నువ్వు చూసుకో అన్నాను. పోయేదాకా ఆ మాట మీద పోట్లాడుకున్నాం. ఆవేళ హాల్లో నువ్వు మళ్ళీ అదే మాట చెప్పావు. నీ మీద కోపం కాదు."

నేను మీకు ముందే చెప్పాల్సింది, క్షమించండి అన్నాను. చెయ్యి ఊపేశాడు. కళ్ళలో శుక్లాలట, ఆవిడ రాసిన చిన్న అక్షరాలు ఆయన చదవలేడు. చివరి క్యాలెండర్‌లో ఏముందో చదవమన్నాడు. తిప్పితే, ఆవిడ పోయే ముందు జులైలో ఒక గడిలో కొలత లేదు, మాటలున్నాయి. గట్టిగా చదివాను. "నిక్ ఈ రోజు మంచి చేప పట్టి, అటూ ఇటూ చూసి నీళ్ళలో వదిలేశాడు. ఇంటికొచ్చి ఏమీ పడలేదన్నాడు. నేను కిటికీలోంచి చూశాను."

ఆయన టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. "చూసిందా?" అన్నాడు. మళ్ళీ చదివించుకున్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు. "నువ్వన్నదే నిజమని హెలెన్‌కి ఒక్కసారి కూడా నోటితో చెప్పలేదు పద్మా. ఒక్కసారి" అని చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఇంకేం చేస్తాను?

అందుకే ఈ ఉత్తరం. నేను బయలుదేరే ముందు నువ్వన్నావు, "అక్కడ నీకు ఒంట్లో బాగోపోతే చూసే దిక్కెవరే? ఒక్కదానివైపోతావే" అని. నేను నిన్నెంత మాటన్నానో నాకు గుర్తుంది. చెరువుగట్టు దాటని మనిషివి నీకేం తెలుసు అన్నాను. నువ్వు లోపలికెళ్ళి నాకోసం పులుసు కారం డబ్బాకెత్తావు. నువ్వన్నదే నిజం అక్కా. ఇక్కడ చాలా ఒంటరిగా ఉంది. పని బాగుంది, జీతం బాగుంది, నేను తిరిగి వచ్చేస్తాననీ కాదు. కానీ ఒంటరిగా ఉంది. నిన్ను ఆ మాటన్నందుకు సిగ్గుగా ఉంది.

ఇక బెంగ పెట్టుకోకు. రేపు ఆదివారం నిక్ గారు వస్తున్నారు. తలల్లేవు కాబట్టి కోడిగుడ్డు పులుసు. గారు అని పిలిస్తే మళ్ళీ పలుకుతున్నారు. మంచు కరిగాక వాలైలు గుడ్లు పెట్టడానికి ఎక్కే వాగేదో చూపిస్తానన్నారు. ఈ ఏడన్నా పిల్ల పుడుతుందేమో ఇద్దరం కూర్చుని కాపలా కాస్తాం. ఎడ్మంటన్‌లో ఒక తెలుగు డాక్టర్ ఆంటీ ఉన్నారు, వాళ్ళ చెల్లెలు ఏప్రిల్‌లో భీమవరం నుంచి వస్తున్నారు, ఆవిడ చేతికి నీ పులుసు కారం పంపు. ఈసారి ఇద్దరికి సరిపడా.

మీ అత్తగారికి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు, బావగారికి దణ్ణాలు. నన్ను చల్లగా ఉండమని నువ్వు మనసులో అనుకుంటే చాలు. ఇది అందగానే ఫోన్ చెయ్యి. స్పీకర్లో పెట్టకు. ఎలా ఉన్నావే అని అడుగు. ఈసారి బాగానే ఉన్నానని అనను.

నీ చెల్లెలు
పద్మ