సిమ్కా అలంకారానికి కాదు

దేవుని పేరిట. ఆయన తరవాత, ముందుగా ఒక దిద్దుబాటు.

పోయిన శుక్రవారం కుస్కుస్ పళ్ళెం చుట్టూ అందరం కూర్చున్నప్పుడు నా కొడుకు అబ్దెల్హక్, "అమ్మకు మతి చలించింది, చచ్చిన కారుకు వైద్యం చేయిస్తోంది" అన్నాడు. ఆ వాక్యంలో తప్పులు రెండు. కారు చావలేదు, చాలా ఏళ్ళుగా ఎవరూ పలకరించలేదు, అంతే. ఇక నా మతి సంగతి. మెక్నెస్ పాతబస్తీ నివాసిని, కీర్తిశేషులు తయ్యిబ్ గారి భార్యను, బాలికల పాఠశాలలో భూగోళం చెప్పి విరమించిన బతూల్ బెల్ఘాజిని అయిన నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఎవరి సలహా అడక్కుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. నా తెలివిని పరీక్షించడానికి లేఖకులిద్దరూ ఈ రోజు ఏ వారమని అడిగారు. చెప్పాను. వాళ్ళు రాసిన మొదటి పంక్తిలో ఒక అక్షరం దిద్ది ఇచ్చాను కూడా.

బుధవారం నా గుండెలో ఒక వాల్వు మారుస్తారు. ఆ కారుకు, మా సిమ్కాకు, ఎనిమిది మార్చారు, ఇంతమంది ఏడవలేదు.

1. ఇల్లు, నగలు, వెండి టీ సామాను ధర్మశాస్త్రం ఎవరికెంత అంటే వాళ్ళకంత. ఆ పంపకంలో నా మాట చెల్లదు. నా మాట చెల్లని చోటు నా జీవితంలో అదొక్కటే.

2. నా ఇష్టానికి శాస్త్రం వదిలిన మూడో వంతులోనుంచి, ఇంటి వెనక పశువులశాలలో ఉన్న సిమ్కా కారును నా మనవరాలు ఘిజ్లాన్‌కు ఇస్తున్నాను. వారసులకు వీలునామా రాయకూడదు. తండ్రి బతికుండగా మనవరాలు వారసురాలు కాదు, కాబట్టి ఆమెకు రాయొచ్చు. అబ్దెల్హక్, నువ్వు బతికుండటం వల్ల నీ కూతురికి ఒనగూరిన లాభం ఇది.

ఆ కారు మీ నాన్నకు ప్రాణం. చూపు మందగించి నడపడం మానేశాక కూడా రోజూ సాయంత్రం వెళ్ళి స్టీరింగు ముందు కూర్చునేవాడు. "ఎక్కడిదాకా వెళ్ళొచ్చారు?" అని అడిగితే, "ఇఫ్రాన్ దాటాను. మంచు పడుతోంది, నీకు శాలువా లేదని వెనక్కి తిప్పాను" అనేవాడు. ఆయన పోయాక ఆ కారు తలుపు ఎవరూ తీయలేదు, ఉల్లిపాయలు దాచుకోవడానికి తప్ప.

3. షరతు. ఈ కారును అమ్మకూడదు, ఇంజను తీయకూడదు, ఎవరి గుమ్మం ముందూ బొమ్మలా నిలబెట్టకూడదు. ఎందుకు రాస్తున్నానో నా కొడుక్కి తెలుసు. కాసాబ్లాంకాలో ఒక కాఫీ హోటలు ఆసామితో మాట్లాడి వచ్చాడు. ఆ పెద్దమనిషి బానెట్లో పూలమొక్కలు పెంచుతాడట, వెనకసీట్లో జంటలకు ఐస్‌క్రీము పెడతాడట. "గౌరవంగా ఉంటుంది కదమ్మా, అందరూ ఫొటోలు తీసుకుంటారు" అన్నాడు నాతో. నాయనా, గౌరవంగా పడి ఉండటానికి సమాధులున్నాయి. కారుకు రోడ్డు కావాలి.

ఘిజ్లాన్ పనుల్లో పడి ఒక చలికాలమంతా దాన్ని కదపకపోతే, ఆ కారు తరవాతి అంశంలో చెప్పే మహ్రాన్‌కు చెందుతుంది. మనవరాలైనా సరే, మినహాయింపు లేదు.

4. సిరియాలోని హోమ్స్ నుంచి వచ్చిన ఈ మహ్రానే మా మెకానిక్కు. అతనికి నా భర్త ఉన్ని సెల్హామును, అంటే ముసుగున్న పైఅంగీని, ఇస్తున్నాను. నేలమీద వెల్లకిలా పడుకుని పనిచేసేవాడికి మెక్నెస్ చలి ఎముకల్లోకి దిగుతుంది. తలముసుగు చిరిగితే కుట్టించాను.

ఈ ఇంట్లో ఒక మాటవల్ల అతను నింద పడ్డాడు గనక, ఆ మాట సంగతి అధికారికంగా రాయిస్తున్నాను. మా ప్రాంతంలో "ఆఫియా" అంటే నిప్పు. పేరెత్తితే ఇంట్లోకి వస్తుందని భయపడి, మా అమ్మమ్మలు నిప్పును "క్షేమం" అని పిలిచి బుజ్జగించారు. పిలిచి పిలిచి, ఆ మాటకు క్షేమమనే అర్థం ఉందన్నదే మరిచిపోయాం. సిరియాలో అది ఇప్పటికీ క్షేమమే. చలికాలం మొదట్లో ఒకరోజు, కార్బొరేటర్ ముక్కలు గుడ్డమీద పరిచి ఉండగా, అబ్దెల్హక్ నా పోరు పడలేక పెట్రోలు డబ్బా పట్టుకొచ్చాడు. మహ్రాన్ చేతులు తుడుచుకుని, వాళ్ళ మర్యాద ప్రకారం, "దేవుడు నీకు ఆఫియా ఇవ్వాలి అన్నా" అన్నాడు.

"చేతిలో పెట్రోలున్నవాణ్ణి పట్టుకుని నిప్పంటుకోవాలంటావట్రా! మా అమ్మ ఉప్పు తింటూ! పైగా నవ్వుతున్నాడు, చూడండయ్యా!" అని నా కొడుకు వీధంతా పోగుచేశాడు.

పాపం మహ్రాన్, "నేనేం తప్పన్నానన్నా? ఆఫియానే కదా కోరాను. నీకూ, నీ పిల్లలకూ" అన్నాడట.

ఆ తరవాత అతను పనిముట్లు సర్దుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు నేను ఆసుపత్రిలో ఛాతీ ఫొటో తీయించుకుంటున్నాను. చలికాలమంతా కారు ముక్కలు గుడ్డమీదే ఉన్నాయి. డాక్టరు మంచం దిగొద్దన్నాడు, నాకు కాలు నిలవలేదు. చివరికి నేనే అతని కొట్టుకు వెళ్ళి అర్థం చెప్పాను. టైరుమీద కూలబడి నవ్వాడు. "మరి మీ ఊళ్ళో ఒకడి మంచి కోరాలంటే ఏమనాలి అవ్వా?" అన్నాడు. "'బిస్సహ్హా' అను చాలు, ఆరోగ్యంగా ఉండమని" అన్నాను. ఇప్పుడు పానా కాలిమీద పడినా అదే అంటాడు.

మొన్న శనివారం ఇంజను పలికింది. పొగ చూసి పొరుగువాళ్ళు "ఆఫియా! ఆఫియా!" అని అరుస్తూ బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. మహ్రాన్ కారు కిందనుంచే, "మీక్కూడా, మీక్కూడా" అన్నాడు.

5. అబ్దెల్హక్ ఇంకా మహ్రాన్‌కు క్షమాపణ చెప్పలేదు. నా అరబ్బీ నిఘంటువు నా కొడుక్కి ఇవ్వాలని ఉంది, కానీ వారసుడికి రాస్తే చెల్లదు. అందుకని ఈ రోజే, ఊపిరి ఉండగానే, చేతిలో పెడుతున్నాను. 'ఆఫియా' మొదలయ్యే 'ఐన్' అక్షరం దగ్గర ఎర్రదారం ఉంది.

6. ఆడపడుచు లల్లా కెంజాకు: వెనకసీటుకు మొన్నటిదాకా ఉన్న పాత తోలు. నీ ఉల్లిపాయల వాసన ఎన్ని సబ్బులకూ వదల్లేదు. నీ సొత్తు నీకు చేరడం న్యాయం.

7. ఘిజ్లాన్‌కు మరో మాట. ద్రా నది ఎక్కడ పుట్టి ఎక్కడ ఇంకిపోతుందో తరాల పిల్లలకు చెప్పాను. సుద్దముక్కతో గీయడమే గానీ కళ్ళతో చూడలేదు. సెలవులు వస్తే పిల్లల పరీక్షలు, ఆ తరవాత మీ తాతయ్య కళ్ళు, ఆ తరవాత నా మోకాళ్ళు. నేను పోతే నలభయ్యో రోజు దాకా కారు కప్పి ఉంచకండి. దక్షిణానికి తిప్పి ద్రా దాకా వెళ్ళు. చోక్ లాగి, యాక్సిలరేటర్ రెండుసార్లే తొక్కు. నువ్వూ నాలాంటిదానివే, మూడోసారి తొక్కుతావు. పెట్రోలు ముంచెత్తి ఆగిపోతుంది. ఆగితే తిట్టకు. కాసేపు ఊరుకో.

8. దీన్ని అమలు చేసే బాధ్యత కోడలు నజాత్‌ది. ఈ ఇంట్లో అబ్దెల్హక్ భయపడే రెండో మనిషి ఆమె.

9. రేపు మంగళవారం కారుకు ప్రభుత్వ తనిఖీ. నెగ్గితే, బుధవారం నన్ను ఆసుపత్రికి అదే తీసుకెళ్తుంది. అంబులెన్సు పిలిచినవాళ్ళు అందులో వాళ్ళే పడుకోవచ్చు. నేను తిరిగొస్తే పైన రాసినవన్నీ రద్దు, ముందుసీటు నాది.

చదివి వినిపించారు, విన్నాను, ఒప్పుకున్నాను. మెక్నెస్, సోమవారం, షాబాన్ నెల పద్దెనిమిది.

(సంతకం) బతూల్ బెల్ఘాజి

సాక్షులు, లేఖకులు: ఇద్రీస్ వజ్జాని, అబ్దెల్ముగీత్ సెఫ్రివి

ఘిజ్లాన్, సిరా ఆరేలోపు ఒక పని. సందు మొగలో పుదీనా అమ్మే మూహా తెల్లవారకుండానే తోపుడుబండి అడ్డం పెడతాడు. అది ఉంటే సిమ్కా బయటికి రాదు. ఇప్పుడే వెళ్ళి బండి ఎడమకు జరిపి పెట్టుకొమ్మను; కుడివైపు కాలవ ఉంది. ఊరికే అడిగితే వినడు, రెండు కట్టలు కొను, బేరమాడకు. "రేపొక్కరోజుకేగా?" అంటాడు. కాదు, ఇక రోజూ అని చెప్పు.