అక్క పథ్యం సంగతి

గుంటూరు,
శనివారం మధ్యాహ్నం

అమ్మకు,

నీ చిన్నకూతురు దణ్ణం పెట్టి రాస్తున్నది. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నువ్వూ, నాన్నగారూ, మామ్మా బాగున్నారని తలుస్తాను. మామ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? అక్కకి ఆడపిల్ల పుట్టిందన్న నీ ఉత్తరం అందగానే హాస్టలంతా తిరిగి అందరికీ పంచదార పంచాను. బజారుకెళ్ళి మిఠాయి తెచ్చేదాకా ఆగలేకపోయాను, అంత సంతోషం. పిల్లది ఎవరి పోలిక? ముక్కు బావగారిదైతే రాయొద్దు, నేనే వచ్చి చూసుకుంటాను.

ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. మిరప కోతలు జరుగుతున్నాయి. బస్సులో ఎటు వెళ్ళినా కల్లాల నిండా ఎర్రగా కాయలు ఎండుతూ కనిపిస్తాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ గాలి ఇటు తిరిగిందంటే బస్సంతా తుమ్ములే. డ్రైవరు మాత్రం తుమ్మడు, అదేమిటో. మెస్సులో పప్పులో కూడా కారమే. నా అవస్థ చూసి మా గదిలో ఉండే రమణ నవ్వుతుంది. వాళ్ళది చీరాల, ఇంట్లో మగ్గాలున్నాయి.

"మీ కోనసీమోళ్ళు కూరలో బెల్లమేసుకుంటారంటగా, అందుకే నీ నాలిక్కి రోషం లేదు" అంటుంది.

"మీరు నేతిలో కూడా కారం కలుపుకుంటారుగా" అన్నాను.

"కలుపుకోకపోతే ఇంక నెయ్యెందుకే?" అంది.

మంచి పిల్ల. ఆదివారాలు ఇల్లు గుర్తొచ్చి నేను గోడవైపు తిరిగి పడుకుంటే, ఏమీ అడక్కుండా వాళ్ళమ్మ పంపిన జంతికల డబ్బా తెచ్చి నా పక్కన పెడుతుంది. నా గురించి బెంగపడకు. తింటున్నాను. మజ్జిగ ఎక్కువ పోసుకుంటున్నాను. నిజంగా బాగానే ఉన్నాను.

ఇక నువ్వడిగిన సంగతి. ఇన్లాండు లెటర్లో పట్టదని కవరు కొన్నాను. ఇక్కణ్ణుంచి మామ్మకి చదివి వినిపించకు.

"నువ్వు తిండి గురించే చదువుతున్నావు గదా, అక్కకి పాలు చాలడం లేదు, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంటోంది, ఏం చెయ్యాలో రాయి, పథ్యం మాత్రం మానమనకు" అని రాశావు. ఆ రోజు నుంచీ జవాబు మొదలుపెట్టడం, చింపేయడం, ఇదే నా పని. మా పుస్తకంలో బాలింతకి పప్పు, పాలు, ఆకుకూరలు, దాహం తీరా నీళ్ళు అని ఉంది. నువ్వేమో పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి పెడుతున్నానని రాశావు. పప్పు వద్దు, ఆకుకూర వద్దు, నీళ్ళు గొంతు తడిసేంత వరకే. ఈ పథ్యాలన్నీ చేసే కదా నువ్వు మమ్మల్ని కని పెంచావు. నీది తప్పని రాయడానికి నేనెవర్ని? రాయకపోతే మరి నాన్నగారు ఇంత దూరం పంపించి నన్ను చదివించడం ఎందుకు?

మొన్న క్లాసులో బాలింత ఆహారం మీద మాట్లాడమంటే గడగడా చెప్పేశాను. మా మేడమ్ మెచ్చుకున్నారు. సరే, ఆవిడనే అడుగుదామని నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను.

నమ్మవు. గేటు తీసేసరికే వెల్లుల్లి వేయిస్తున్న వాసన, మన వంటిల్లే అనుకున్నాను. మేడమ్ వంటింట్లో కూర్చుని కారం దంచుతున్నారు. పక్కగదిలో వాళ్ళమ్మాయి, పురిటికి వచ్చి మగపిల్లాణ్ణి కన్నదట. చెవుల్లో దూది, తలకి గుడ్డ, మంచం కింద కుంపటి. ఈ ఎండల్లో! వరండాలో కుర్చీ వేసుకుని మేడమ్ గారి అత్తగారు కాపలా.

"ఎవరే ఆ పిల్ల? కాళ్ళు కడుక్కుని రమ్మను. పురిటింట్లోకి అట్టాగే వచ్చేస్తారా?"

"నా స్టూడెంటండీ అత్తయ్యగారూ" అన్నారు మేడమ్. క్లాసులో వెనక బెంచీ దాకా వినపడే గొంతు అక్కడ గుమ్మం దాటలేదు.

నేను వచ్చిన పని చెప్పాను. మేడమ్ రోకలి ఆపలేదు.

"మీ అమ్మగారు ఏం పెడుతున్నారు?"

చెప్పాను.

"మేమూ అదే."

"మరి క్లాసులో మీరు..."

"క్లాసులో చెప్పింది నిజమేనమ్మా." వరండా వైపు ఓసారి చూసి గొంతు తగ్గించారు. "నా కాన్పులన్నిటికీ నన్ను కడుపులో పెట్టుకు చూసింది ఆవిడే. ఇప్పుడు ఆవిడ ముందు పుస్తకం తెరిచి చదవమంటావా?"

పసివాణ్ణి చూస్తానని గదిలోకి వెళ్ళాను. ఆ అమ్మాయి పెదాలు ఎండిపోయి పగిలి ఉన్నాయి. "ఏవండీ, కాసిని మంచినీళ్ళిస్తారా? అమ్మనడిగితే నాయనమ్మకి వినపడుద్ది" అంది మెల్లగా.

అమ్మా, క్లాసులో అంత చెప్పినదాన్ని, గది మూల బిడ్డకని కాచి పెట్టిన నీళ్ళ గిన్నె ముందు నిలబడిపోయాను. పొట్ట జారుతుందేమో, బిడ్డకి జలుబు చేస్తుందేమో, నావల్ల ఏమన్నా అయితే ఎట్లా? అన్నీ నువ్వూ మామ్మా అనే మాటలే. పుస్తకంలోది ఒక్క ముక్క గుర్తురాలేదు. చివరికి గ్లాసు నింపి ఇచ్చాను. గటగటా తాగేసి మళ్ళీ గ్లాసు చాపింది. పోస్తూ తిరిగి చూస్తే గుమ్మంలో మేడమ్! గ్లాసు నిండి నీళ్ళు ఒలికాయి. ఆవిడ గ్లాసు వంక చూశారు, కూతురి వంక చూశారు. తర్వాత వెనక్కి తిరిగి, "అత్తయ్యగారూ, కారంలో ఉప్పు సరిపోయిందేమో కాస్త నోట్లో వేసుకుని చెప్పండి" అని కేకేస్తూ వరండాలోకి వెళ్ళిపోయారు.

నన్ను గేటు దాకా సాగనంపారు గానీ నీళ్ళ మాట ఎత్తలేదు. సోమవారం పాఠం చదివి రమ్మన్నారు, అంతే.

నాకంతా అయోమయంగా ఉంది. వెల్లుల్లి తింటే పాలు పడతాయని మా పుస్తకంలో లేదు, పడవనీ లేదు. రమణనడిగితే, "మా అమ్మ బాలింతప్పుడే మగ్గం మీద కూర్చుందంట, పథ్యం లేదూ గిథ్యం లేదూ" అంది. అది గొప్పగా చెప్పిందో, పాపం అనుకుని చెప్పిందో అదీ తెలియలేదు. 'అక్కకి నీళ్ళివ్వు' అని టెలిగ్రాం ఇద్దామనుకున్నాను గానీ, టెలిగ్రాం అనగానే మామ్మ గుండె ఆగిపోతుందని మానేశాను.

నాన్నగారికీ, మామ్మకీ నా నమస్కారాలు. పసిదాన్ని నా పేరు చెప్పి ఓసారి ముద్దుపెట్టుకో. ఎవరైనా ఇటు వస్తుంటే కొబ్బరినూనె ఒక సీసా పంపు, ఇక్కడిది వాసనే ఉండదు. నీ దీవెన ఎప్పుడూ నా మీద ఉండాలి.

నేను పథ్యం మానమని రాయడం లేదమ్మా. కారం పెట్టు, నెయ్యి వెయ్యి. కళ్ళు తిరగడం తగ్గకపోతే మాత్రం డాక్టరమ్మకి చూపించు. అక్క నోరు తెరిచి ఏదీ అడగదు, నీకు తెలుసు కదా. అందుకని, కాచి చల్లార్చిన నీళ్ళు పెద్ద చెంబు నిండా పోసి దాని మంచం పక్కన పెట్టు. పెట్టి, ఊరగాయ జాడీలు ఎండకి పెట్టాలనో ఏదో చెప్పి మామ్మని పెరట్లోకి తీసుకుపో. కాసేపు నువ్వు కూడా లోపలికి వెళ్ళకు.

నీ
సుభద్ర