మోటారు కాడ మనిషి

బాపూ,

కథలాపూర్ దగ్గరి మన పొలానికి ఇప్పుడు రోజంతా ఉచిత కరెంటు వస్తోంది. అది చూడకుండానే పోయావు. నువ్వు గొంగడి కప్పుకుని మోటారు దగ్గరే కూర్చునేవాడివి, మడి తడవగానే బందు చేసేవాడివి. నేను ఆటో స్టార్టర్ పెట్టాను. కరెంటు పోయి వచ్చినా మోటారు దానంతటదే నడుస్తుంది, దగ్గర మనిషి ఉండక్కర్లేదు.

నిన్న ఊళ్లో అధికారులు మీటింగ్ పెట్టారు. ఈ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు కాల్చి తీసేదేనని, దేశంలో ఆ పొగ తగ్గాలంటే మోటార్లు ఊరికే నడవకుండా రైతులు ఆటో స్టార్టర్లు తీసేయాలని చెప్పారు. "అందరికన్న ముందు నేనే తీసేసిన సార్" అన్నాను. చప్పట్లు కొట్టారు. వెనక కూర్చున్న అవ్వ కూడా కన్నకొడుకు మాటకు చప్పట్లు కొట్టింది. పొద్దున విప్పి గడ్డిలో దాచిన స్టార్టర్‌ను సాయంత్రం మళ్లీ బిగించాను. ఆ సంగతి ఆమెకు తెలియదనుకున్నాను.

ఈ ఉదయం పొలానికి వెళ్లాను. మడి పొంగి నీళ్లు బాటెక్కాయి. మోటారు మాత్రం ఆగి ఉంది. దాని పక్కనే అవ్వ, మోకాళ్ల దాకా బురదతో, నీ గొంగడి కప్పుకుని కూర్చుంది.

"ఇంటికి పోదాం పా అవ్వా" అన్నాను.

నా ముఖం చూడకుండానే అంది: "నువ్వు పో కొడుకా. మోటరు కాడ మనిషి ఉండాలె గద."