అబద్ధమాడే ముల్లు

జూన్ 2, ఆదివారం

అన్నయ్య కారు నా క్వార్టర్ ముందుకొచ్చి నెల దాటింది. పాత అంబాసిడర్, మీగడ రంగు. నాకు డ్రైవింగ్ నేర్పింది దీని మీదే. ఆయన పోయాక వదిన సత్యభామ రాయగడ నుంచి పంపించింది. సంవత్సరీకానికి దీన్ని నడుపుకుంటూ వస్తే నాదేనంది. లేదంటే మన ఒడిశా జైపూర్‌లో ఒకాయన అడుగుతున్నాడట, ఇచ్చేస్తుందట.

ఇవ్వనివ్వను. అన్నయ్యది నాకు మిగిలింది ఇదొక్కటే.

కాకపోతే ఫ్యూయల్ గేజ్ తప్పు చూపిస్తోంది. ముల్లు E మీద ఉంది. ట్యాంకులో పుల్ల ముంచితే పెట్రోలు బాగానే తగిలింది. డొరగుడ రిఫైనరీలో మీటర్లు సరిచేసే ఉద్యోగం నాది. నా గుమ్మం ముందే దొంగ మీటరా? పరువు తక్కువ.

జూన్ 4, సాయంత్రం

ట్యాంకులో పెట్రోలు మట్టం కొలిచే సెండర్ వైరు ఊడదీసి బాడీకి తాకించాను. ముల్లు ఠక్కున కదిలింది. గేజ్ మంచిదే, వైరింగ్ మంచిదే. తప్పు సెండర్‌లోనే ఉండాలి. పక్క క్వార్టర్ వాళ్ళు ఊరెళ్ళారు. ఎవరికి చెప్పను? ప్రెషర్ కుక్కర్‌కి చెప్పాను.

జూన్ 7

వాన. డ్యూటీ బయట ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడలేదు.

జూన్ 9, ఆదివారం

ఆదివారం పొద్దున్న అన్నయ్య ఫోన్ చేసేవాడు. అమ్మీ, ఏటి తిన్నావని అడిగేవాడు. ఇప్పటికీ ఆ టైముకి ఫోన్ పట్టుకుని కూర్చుంటాను. సిగ్గులేదు నాకు.

లేచి సెండర్ విప్పాను. మల్టీమీటర్ పెట్టి పెట్రోలు మీద తేలే ఫ్లోట్ కడ్డీని ఎత్తి దించితే రీడింగ్ సాఫీగా మారింది. అప్పుడు కనబడింది. ఫ్లోట్ కడ్డీ మధ్యలో వంగి ఉంది, అందుకే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తోంది. ప్లయర్ గాటు కూడా ఉంది. ఏ మెకానిక్ వెధవ పనో! నాలుగు తిట్లు తిట్టి తిన్నగా చేసి బిగించాను. ట్యాంకు ఖాళీ చేసి, మళ్ళీ కొలిచి పోసి సరిచూశాను. ఇప్పుడు ఎంతుంటే అంతే చూపిస్తోంది. మహా గర్వంగా ఉంది.

జూన్ 16, రాయగడ

దారిలో ఆగిపోయింది.

టికిరి ఊళ్ళో పెట్రోలు బంకు దగ్గర ముల్లు E కి కాస్త పైన ఉంది. నేను సరిచేసిన గేజ్ కదా, ఇంకా ఉందిలే అని దాటేశాను. ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువ తాగుతుందని తెలియదా? తెలుసు. కొండ మీద రెండుసార్లు తుళ్ళి ఆగిపోయింది. వాన, సిగ్నల్ లేదు. అన్నయ్య సంవత్సరీకం నాడు నేను రోడ్డు మీద. గట్టిగా ఏడ్చాను. వినేవాళ్ళెవరున్నారు?

బైకు మీద పోతున్న ధనుంజయ అనే ఆయన ఆగాడు. వెనక్కి వెళ్ళి ఏదో కిరాణా కొట్టు నుంచి సీసాలో పెట్రోలు తెచ్చి పోశాడు. ఒడియాలో చివాట్లు కూడా పెట్టాడు.

నేను చేరేసరికి కార్యక్రమం అయిపోయింది. బ్రాహ్మలు వెళ్ళిపోయారు. వదిన నాకు విస్తరి వేసింది. కారు జైపూర్ ఆయనకే ఇచ్చెయ్యమన్నాను. గేజ్ సంగతి, కడ్డీ సంగతి అంతా చెప్పాను. వడ్డిస్తున్న వదిన చెయ్యి ఆగిపోయింది. తిన్నగా చేసేశావా అని అడిగింది.

"అది పాడవలేదమ్మీ. నీకు కారు నేర్పినప్పుడు మీ అన్నే వంచేడు. నువ్వు సూసుకోవు, ఆకరి సుక్కదాకా తోలేత్తావు. సున్నా సూపినా మనింటికి వచ్చీంత ఉండాలన్నాడు."

అన్నయ్యకి బియ్యం కొట్టు ఉండేది, అక్కడా అంతే ఆయన. ఒక బియ్యం బస్తా గోడవార వెనక్కి నెట్టి, అడిగినవాళ్ళకి సరుకు లేదనేవాడు. కొట్టు కట్టేసే వేళకి లేదనకూడని మనిషి ఎవరో ఒకరు వస్తారని. ఆ బస్తా సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు నాకు. ట్యాంకు విప్పినప్పుడు తోచలేదు. నాకోసం ఆయన చేసిన పనిని నేనే తిట్టి, నా చేత్తో చెరిపేశాను.

వదిన జైపూర్‌కి ఫోన్ చేయలేదు. కడ్డీ మళ్ళీ వంచుకోమంది.

జూన్ 18

వంచాను. ప్లయర్ గాటు దగ్గరే పట్టుకున్నాను. ఆయన ఎంత వంచాడో గుర్తు లేదు. ముల్లు E మీదున్నా రాయగడ దాకా వచ్చేలా లెక్కేసి, ఇంకాస్త ఎక్కువే వంచాను.

జూన్ 23, ఆదివారం

ఫోన్ మోగలేదు. ముల్లు E మీద ఉంది. వదిన దగ్గరికి బయల్దేరుతున్నాను.