డబ్బా లోపల పెట్టిన పసుపు

సుజాతా,

నువ్వు లేని మొదటి దసరా ఇది. ఆయుధపూజకు నువ్వు కంప్యూటర్‌ పైన ఒక మూలకు బొట్టు పెట్టి ఊరుకునేదానివి. నేను దాని డబ్బా మూత విప్పి, లోపలి భాగాలకు కూడా తడి పసుపు పెట్టాను. మర్నాడు కంప్యూటర్ నడవలేదు. మహిళా సంఘం వాళ్ళ కోసం నువ్వు రికార్డు చేసిన కంప్యూటర్ పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. వేరే కాపీ లేదు.

బోధన్‌లో బస్సెక్కి, డబ్బాను ఒళ్ళో పెట్టుకుని నిజామాబాద్ వెళ్ళాను. రిపేరు షాపు నడిపే ఆమె మూత తీసి నా వైపు చూసింది.

"ఏందన్నా, గిది కంప్యూటరా, గడపనా?"

"పాఠాలు పోయినయా?" అని అడిగాను.

"పసుపు ర్యామ్‌కంటింది. ర్యామ్ అంటే పసుపు ఆరబోసే కళ్ళం లెక్క, పని నడిసినంత సేపే అండ్ల సరుకుంటది. దాసిపెట్టే గోదాము హార్డ్ డిస్క్. గా డిస్క్ తడిసిందో లేదో సూడాలె."

ర్యామ్ పట్టీని బయటికి తీసి, దాని అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దింది. రెండుసార్లు పెట్టి చూసినా తెర నల్లగానే ఉంది. మూడోసారి వెలిగింది. సరిచూడటానికి ఆమె నీ మొదటి పాఠం తెరిచింది. అందులో మౌస్ ఎలా పట్టుకోవాలో చెప్పి, "సమజైందా?" అని అడిగి, జవాబు కోసం నువ్వు కాసేపు ఆగావు.

"అయింది" అన్నాను.