చీటీలు మార్చిన ఆపిల్స్

యాద్విగాకి,

మన పిల్ల కింగా, నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. నీ సంగతీ, నువ్వు చూసుకునే ఆ జర్మన్ ముసలమ్మ సంగతీ రాయి. ఫోన్లో చెబుదామంటే కింగా పక్కనుంచి కదలదు. అందుకే ఉత్తరం.

రష్యాకి పోకపోతే మన ఆపిల్స్ వార్సాలో అమ్మరాదా అని అడిగావు. వెళ్లాను. ఒకావిడ కొరికి చూసి, "పుల్లగా ఉన్నాయయ్యా, మా పిల్లలు ముట్టరు" అని పక్క బండి మీద తియ్యటివి కొనుక్కుంది. ఆవిణ్ణేమంటాను? కింగా కూడా మన పండు తినదు. పులుపు కావాలన్నది రష్యావాళ్లే. వాళ్ల నాలుకని నమ్ముకుని తోటంతా ఆ ఒక్క రకమే వేశాను. సగమైనా వేరేది వెయ్యమని నువ్వంటే నవ్వాను. ఇప్పుడు వాళ్ల ప్రభుత్వం మన పోలండ్ సరుకు రానివ్వనంటోంది. చెట్లు పీకి కొత్తవి నాటినా కాపుకి నాలుగేళ్లు పడుతుంది.

కాయలన్నీ గిడ్డంగిలో చల్లగా ఉన్నాయని పోయిన ఉత్తరంలో రాశాను. అది అబద్ధం. అప్పటికే రోమన్ అనే దళారి వచ్చి వెళ్లాడు. "బెలారస్ కాయలని చీటీ అంటిద్దాం అన్నా. అక్కణ్ణుంచి వస్తే ఎవరూ ఆపరు. నీది ఏ ఊరని అడిగితే పండు చెబుతుందా?" అన్నాడు. మొత్తం లారీకెక్కించాను. కొత్త అట్టపెట్టెలు కొనమన్నాడు. ఇంట్లో చెక్కపెట్టెలుండగా దండగని వాటిలోనే పోసి, పైన చీటీలు మార్చాను. అడుగు పలక మీద మా నాన్న కాల్చిన ఇనుముతో ముద్ర వేసిన ఇంటిపేరూ ఊరిపేరూ గుర్తుకే రాలేదు. రష్యా సరిహద్దులో తనిఖీవాళ్లు ఒక్క పెట్టె బోర్లించి ఆ ముద్ర చూశారట. తర్వాత అన్నీ ట్రాక్టర్‌తో తొక్కించారు. రోమన్ ఫోన్ ఎత్తడం లేదు.

ఇక నీ సంపాదన తప్ప మనకేమీ లేదు. నాకు భయంగా ఉంది యాద్విగా. తోటలోకి వెళ్లడమే మానేశాను.

ఈస్టర్‌కి వచ్చేస్తాను, మళ్లీ వెళ్లనని రాశావు. రావద్దు. ఇంకో రెండేళ్లు అక్కడే ఉండు. "అమ్మ ఏ బస్సుకొస్తుంది నాన్నా? పండగ గుడ్లకి రంగులు అమ్మతోనే వేస్తా" అని కింగా రోజూ అడుగుతోంది. నువ్వే ఫోన్ చేసి రావడం లేదని చెప్పు. ఆ ముసలమ్మ వదలడం లేదని చెప్పు. రావద్దన్నది నేనని మాత్రం చెప్పకు. తిట్టుకుంటే నిన్నే తిట్టుకోనీ. దానికి ఇక్కడున్నది నేనొక్కణ్ణే.

ఇట్లు,
నీ భర్త,
బోగ్దాన్